చప్పుడు చేయని సైకిలు

చీరాలకు తిరిగొచ్చి కొన్నాళ్లయింది. ఇప్పటికీ సందు మలుపు తిరిగేటప్పుడు నా నోరు దానంతటదే తెరుచుకుంటోంది. మొన్న పాలప్యాకెట్ కోసం వెళుతూ మలుపులో "పదిహేడొకట్ల పదిహేడు" అని గట్టిగా అన్నాను. ఎదురొస్తున్న పక్కింటావిడ గోడకు అతుక్కుపోయింది. మా ఆవిడతో ఏం చెప్పిందో తెలియదు గానీ, ఆ సాయంత్రం నుంచి నా బీపీ మాత్ర మీద ఇంట్లో శ్రద్ధ పెరిగింది.

మతి చలించలేదు. నల్లమలలో ఒక మలుపు దగ్గర అంటుకున్న అలవాటు ఇది. అటు వెళ్లనివాళ్ల కోసం, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అహోబిలం దాకా వెళ్లాను కానీ దేవుణ్ణి చూడటానికి కాదు. ఒక సైకిలు కోసం వెళ్లాను.

నంద్యాలలో ఉగ్గాని

గుంటూరు వైపు నుంచి రైలు నల్లమల సొరంగాల్లోంచి దూరి బయటపడితే నంద్యాల. దిగగానే ఆకలి. స్టేషను బయట హోటల్లో ఇడ్లీ అడిగితే సర్వరు నన్ను జాలిగా చూశాడు. "పొద్దున్నే ఇడ్లీ ఏందన్నా, ఉగ్గాని తిను" అని నేను ఒప్పుకోకముందే తెచ్చి పెట్టేశాడు. నానబెట్టిన బొరుగుల్లో పసుపు, ఉల్లిపాయ, పుట్నాల పొడి. పక్కన మిరపకాయ బజ్జీలు. నలభై రూపాయలు. మా వైపు బొరుగులంటే సాయంత్రం కాలక్షేపం. ఇక్కడ అవి పొలానికి పోయే మనిషి కడుపు నింపే తిండి. ఆ బజ్జీ కారానికి నా చెవుల్లోంచి ఆవిరి వచ్చింది.

ఎదుటి కుర్చీలో మిడుతూరు రైతు ఒకాయన కూర్చున్నాడు. నా సంచీ చూసి, "యాడికప్పా?" అన్నాడు.

"అహోబిలం."

"మొక్కుబడి ఏమన్నా ఉండాదా?"

"లేదు. వాదించడానికి."

ఆయన బజ్జీ నమలడం ఆపాడు. "ఎవురితో? సామితోనా?"

"అడివి ఆఫీసరుతో."

"దానికంటే సామే మేలు," అన్నాడు. "ఇంటాడు. ఎదురు మాట్లాడడు."

హోటల్లో సగం మంది నవ్వారు. నేనూ నవ్వాను గానీ బస్సెక్కాక నవ్వు నిలవలేదు. ఖాదర్ ఫోన్లో చెప్పిన మాటలే చెవిలో తిరుగుతున్నాయి. ఖాదర్ ఆళ్లగడ్డలో సైకిలు మెకానిక్కు. దేవుడు లేడని నేను రాసే వ్యాసాలు చదువుతాడు, నచ్చకపోతే ఫోన్ చేసి తిడతాడు. ఈసారి తిట్టలేదు. "మా చెల్లెలి సైకిలు అడివి గేటు కాడ ఆపేసినారు సార్. బోర్డులో మోటారు బండ్లు లేవని రాసినారంట. మీరు జనమంతా ఎదురైనా వాదిస్తారు కదా. వచ్చి వాదించండి."

ఉలి మోతల మధ్య

ఆళ్లగడ్డలో బస్సు దిగితే ముందు చెవికి తగిలేది ఉలి చప్పుడు. రోడ్డు వెంబడి రేకుల షెడ్లు, వాటి ముందు రాతి దేవుళ్లు. తల ఉండి చేతులు రాని వాళ్లు కొందరు, నడుము దాకా ఇంకా బండలోనే ఉన్నవాళ్లు కొందరు. మా వైపు దేవుణ్ణి పూర్తయ్యాకే చూస్తారు. ఇక్కడ పిల్లలు సగం చెక్కిన హనుమంతుడి భుజమెక్కి ఐస్‌క్రీమ్ తింటున్నారు. దేవుణ్ణి మనిషే చేశాడని జీవితమంతా ఉపన్యాసాలిచ్చి నేను ఒప్పించలేనిది ఈ వీధి ఊరికే చూపిస్తోందనిపించింది.

ఖాదర్ దుకాణం రెండు షెడ్ల మధ్య ఇరుక్కుని ఉంది. ఎక్కడ చెయ్యి పెట్టినా రాతి పొడి. మధ్యలో గుడ్డ కప్పిన సైకిలు. గుడ్డ తీశాడు. లావు టైర్ల కొండ సైకిలు, ఫ్రేములో బ్యాటరీ, వెనక చక్రంలో చిన్న మోటారు.

"తొక్కితేనే తిరుగుతాది సార్. కాలు ఆగితే మోటారూ ఆగుతాది. దీన్ని బండి అంటే మా అత్తను లారీ అనాల."

ఖాదర్ చెల్లెలు మహబూబ్బీ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. ముప్పై అయిదు దాటిన మనిషి, నర్సు. చిన్నప్పటి పోలియోతో ఎడమకాలు సన్నబడింది. నడిచేటప్పుడు ఆ మోకాలి మీద చెయ్యి ఆనించి అడుగు వేస్తుంది. అహోబిలం దాటి అడవి లోపల ఉన్న చెంచు గూడెం ఆమె బాధ్యత. అక్కడికి కాలిబాట తప్ప దారి లేదు. నడిచి పోతే పొద్దు నడినెత్తికి వచ్చేది, టీకాల డబ్బాలో ఐసు నీళ్లయ్యేది. అన్న కట్టిచ్చిన ఈ సైకిలు మీద వర్షాకాలమంతా తిరిగింది. తర్వాత ఎవరో బోర్డు చూశారు, సైకిలు చూశారు, ఆపారు.

"లింగమ్మ అని ఒకామె ఉండాది సార్," అంది. "ఒంట్లో రక్తం లేదు. ఇది మూడో కాన్పు. ముందు రెండూ నిలవలే. వారం వారం చూడాల ఆమెను. సైకిలు ఆపినాక రెండు తూర్లు నడిచిపోతి. రెండోతూరి దారిలో కూలబడితి, పోలేక తిరిగొస్తి."

"వేరే నర్సు?"

"నాకు ముందు ఎవురూ పోలే. నేను పోకుంటే ఇంక ఎవురూ పోరు. గొప్పకు చెప్తాండా అనుకోవద్దు."

ఆ రాత్రి వాళ్లింట్లో జొన్నరొట్టె, పల్లీల పొడి, వంకాయ కూర. నా కులం ఎవరూ అడగలేదు. నేను మాత్రం నిద్రపోలేదు. వాదన తయారు చేసుకున్నాను. మూడు మేకుల్లాంటి మాటలు: పొగ లేదు, తొక్కనిదే కదలదు, అన్నింటికంటే ముఖ్యం, చప్పుడు లేదు. అడవికి చప్పుడే కదా శత్రువు!

గేటు ముందు మూడు మేకులు

పొద్దున మహబూబ్బీతో కలిసి గేటు దగ్గరికి వెళ్లాను. గేటంటే అడ్డంగా కట్టిన పొడవాటి కొయ్య. పక్కన బోర్డు: మోటారు వాహనములు నిషేధము, శబ్దము చేయరాదు. కొయ్య దగ్గర కాపలా ఉండేది ఓబులేసు. యాభై దాటిన మనిషి, మెడలో తువ్వాలు, చేతిలో కర్ర. నన్ను చూడగానే "రాండి సామీ" అన్నాడు.

"నేను సామిని కాను."

"తెలుసులే సామీ," అన్నాడు.

అధికారి లోపల గదిలో ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి, మెత్తగా మాట్లాడతాడు. టీ తెప్పించాడు. నాకు కోపిష్టి అధికారులతో వాదించడం అలవాటు. టీ ఇచ్చేవాళ్లతో కష్టం.

"సార్," అన్నాను, "రోడ్డు మీద ఈ సైకిలుకు నంబరు ప్లేటు అడగరు, లైసెన్సు అడగరు. రోడ్డు చట్టం సైకిలు అన్నదాన్ని అడవి చట్టం మోటారు అంటుందా?"

"రోడ్డు చట్టం రోడ్డుకండి. ఇక్కడ పులి లైసెన్సు చూసి ఆగదు కదా."

"యాత్రికుల జీపులు వెళుతున్నాయి. పొగ గొట్టాలతో, హారన్లతో."

"వాటి దారి వేరు, అనుమతి వేరు."

ఇక్కడ నాకు మండింది. "అంటే దేవుడి దగ్గరికి పొగ పోవచ్చు, గర్భిణి దగ్గరికి టీకా పోకూడదా? ఇది నియమం కాదు, భక్తి. మీరు అడవిని కాపాడటం లేదు, బోర్డును కాపాడుతున్నారు. ఎందుకని అడగకుండా పాటించే నియమానికీ తాయెత్తుకూ తేడా ఏముంది?"

ఆయన చివరిదాకా విన్నాడు. తర్వాత బల్ల మీదికి వంగాడు. "ఆమెకు గేటు తీయడం నాకు కష్టం కాదండి. ఆమె వెనక ఎవరొస్తారో అది కష్టం. ఇలాంటి సైకిళ్లు అద్దెకిచ్చి, అడివంతా తిప్పి, ఫోన్లో వీడియోలు తీసుకోనిస్తామని పట్నం నుంచి ఇప్పటికే అడుగుతున్నారు. ఆమెది సైకిలే అయితే వాళ్లదీ సైకిలే. నేను ఏ మాట చెప్పి ఆపాలి?"

దానికి నా దగ్గర మేకు లేదు. ఉన్న మూడింట్లో పెద్దదే కొట్టాను. "అది చీమంత చప్పుడు కూడా చేయదు. మీ బోర్డులో రెండో మాట దానికంటే బాగా పాటించే యంత్రం లేదు."

ఆయన టీ గ్లాసు పక్కకు జరిపాడు. "సరే. రేపు పోయి రండి. ఇంకో సైకిలు ఉంటే మీరూ ఎక్కండి. ఓబులేసు వెంట నడుస్తాడు. తిరిగొచ్చి జరిగింది జరిగినట్టు మీ నోటితో చెప్పండి. మీ మాట మీద రాస్తాను. మీరు అబద్ధం చెప్పరని పేరుంది కదా."

చివరి మాటలో వెటకారం ఉందేమో తెలియలేదు. మహబూబ్బీ ముఖం మాత్రం వెలిగింది.

సాయంత్రం బస కోసం ఒక సత్రానికి వెళ్లాను. తరతరాలుగా గుడి సేవలో ఉన్న కుటుంబం నడుపుతోంది. అరుగు మీద పెద్దాయన గోత్రం అడిగాడు. అదీ, వచ్చింది కులం ప్రశ్న, అనుకున్నాను. లేదన్నాను, గొంతు పెంచి. "ఆకలి ఉందా?" అన్నాడు. ఉందన్నాను. "అది చాలు, కూర్చోండి." పులిహోర పెట్టాడు. మొత్తం ఉపన్యాసం గొంతులోనే ఉండిపోయి, పులిహోర దాని పక్కనుంచి దిగింది.

వాగు దాటాక

పొద్దున్నే బయల్దేరాం. ముందు మహబూబ్బీ, వెనక ఖాదర్ ఇచ్చిన అలాంటిదే రెండో సైకిలు మీద నేను, వెనక నడుస్తూ ఓబులేసు. రాత్రి చిన్న వాన పడింది. రాలిన ఆకులు తడిసి మెత్తగా ఉన్నాయి. టైర్ల కింద ఒక్క ఆకు పలకలేదు. ఎత్తులో కాలు ఊరికే ఆనిస్తే ఎవరో వెనకనుంచి నెడుతున్నట్టు సైకిలు ఎక్కేస్తోంది. నా వయసువాడికి అది చెడ్డ ఆనందం.

ఒక్కటే ఇబ్బంది. ప్రతి మలుపులోనూ ఓబులేసు చెయ్యి నోటికి అడ్డం పెట్టి "గోవిందా!" అని కొండ దద్దరిల్లేలా అరుస్తున్నాడు. ముందునుంచి మహబూబ్బీ కూడా "గోవింద!" అంటోంది.

"నువ్వూనా?" అన్నాను.

"ఈ దారిలో అందరూ అంటారు సార్. నాకూ అలవాటైపోయింది."

"నీ దేవుడు కాదు, నా దేవుడు అసలే కాదు. డ్యూటీ మీద పోతున్న నర్సువి. పైగా శబ్దం చేయరాదని బోర్డులో రాశారు. మన వాదనే చప్పుడు లేదని కదా. అరిస్తే మన మాట మనమే చెరుపుకున్నట్టు."

ఆమె "సరే సార్" అంది. నేను ఆమె కోసం అంత దూరం వచ్చినవాణ్ణి. ఇంకేం అంటుంది?

వాగు దగ్గర సైకిళ్లు దించి, మోకాలి లోతు నీళ్లలో చేతులతో నడిపించాం. అవతలి గట్టు ఎక్కాక నేనన్నాను, "ఓబులేసును రానివ్వు మెల్లగా. మనం పోదాం." నిజం రాస్తున్నాను: ఆ కేకనుంచి దూరం జరగాలనిపించింది. తొక్కాం. కేక వెనకబడింది, పలచబడింది, ఆగిపోయింది. అడవి ఎంత నిశ్శబ్దమో అప్పుడు తెలిసింది. టీకాల డబ్బాలో ఐసు కదిలితే వినిపిస్తోంది. ఇదే నాగరికత, అనుకున్నాను.

రెండు మలుపులు అలా దాటాం. మూడో మలుపులో ముందు వాసన తగిలింది, తడి కుక్కకూ కుళ్లిన పండుకూ మధ్య ఏదో. మహబూబ్బీ బ్రేకు పట్టింది. నేను దాదాపు ఆమెను గుద్దబోయాను.

దారి పక్కన చెదపుట్ట. పుట్టలోకి తల దూర్చి నల్లటి వెన్ను. ఆ వెన్ను మీద ఇంకో చిన్న నలుపు, రెండు చెవులతో. మాకూ దానికీ మధ్య ఇంకో రెండు సైకిళ్లు పెడితే నిండిపోయేంత చోటు. పిల్ల ముందు చూసింది. కుయ్యిమంది. తల్లి పుట్టలోంచి తల లాగింది, మూతి నిండా మట్టి. మమ్మల్ని చూసి రెండు కాళ్ల మీద లేచింది.

గుడ్డెలుగు. అది పులికంటే చెడ్డదని ఈ వైపు చిన్నపిల్లలకూ తెలుసు. పులి తప్పుకుంటుంది, ఇది బెదిరితే మీద పడుతుంది.

సైకిలు తిప్పడానికి దారి చాలదు. మహబూబ్బీ పరుగెత్తలేదు. ఆమె మంచి కాలు నేల మీద ఉంది, రెండోది పెడలు మీద. సైకిలును మెల్లగా తనకూ ఎలుగుకూ మధ్యకు వంచింది. "వెనక్కి సార్," అంది, పెదవులు కదలకుండా. "తిరగొద్దు. వెనక్కి."

నేను వెనక్కి అడుగు వేయలేదు. నాలుగు దశాబ్దాలుగా వేదికల మీద ఎవరికీ తగ్గని ఈ గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఎలుగు ఊపిరి మాత్రం కొలిమి తిత్తిలా వినిపిస్తోంది. అది ఒక అడుగు వేసింది.

అప్పుడు కింద ఎక్కడో, వాగు వైపునుంచి, సన్నగా: "గోవిందా!"

ఎలుగు తల అటు తిప్పింది. ఇంకోసారి, కొంచెం దగ్గరగా: "గోవిందా!" నాలుగు కాళ్ల మీదికి దిగింది. పిల్ల వెన్నును కరుచుకుంది. పొదలు పక్కకు వంగాయి, లేచాయి. ఇక ఏమీ లేదు.

ఓబులేసు వచ్చేసరికి మేమింకా అలాగే ఉన్నాం. పుట్టను చూశాడు, గోళ్ల గీతలు చూశాడు, మమ్మల్ని చూశాడు. "గమ్మున వచ్చినారా?" అన్నాడు. "సామి కాపాడినాడు."

ఆ స్థితిలో కూడా నాకు పౌరుషం వచ్చింది. "సామి కాదు, నీ గొంతు. ఆ కేక దానికి ముందే వినబడి ఉంటే ముందే తప్పుకునేది. పని చేసింది చప్పుడు. పేరు కాదు."

"అట్లనే కానీప్పా," అన్నాడు. "మరి మీరు ఆ చప్పుడు ఎందుకు చెయ్యలే?"

మహబూబ్బీ సైకిలు సరిచేసుకుంటూ, నావైపు చూడకుండా అంది. "ఇప్పుడన్నా ఏదో ఒకటి అరుచ్చా రాండి సార్. మీకు నచ్చిందే."

ఏం అరవాలి? నినాదాలన్నీ ఎవరో ఒకరికి జయం చెప్పేవే. అడవిలో ఎవరికి జయం? నోటికి వచ్చింది ఎక్కాలు. దేవుడి ప్రమేయం లేనిది అదొక్కటే గుర్తొచ్చింది. తర్వాతి మలుపులో మొదలుపెట్టాను. "పదిహేడొకట్ల పదిహేడు!" వెనకనుంచి "గోవిందా!" "పదిహేడు రెళ్ల ముప్పై నాలుగు!" "గోవిందా!" "పదిహేడు ఏడుల నూట ఇరవై తొమ్మిది!"

"నూట పంతొమ్మిది సార్," అంది ముందునుంచి మహబూబ్బీ.

గూడెం

గూడెంలో ఆడవాళ్లు, పిల్లలు తప్ప ఎవరూ లేరు. మగవాళ్లు ఏరని అడిగితే ఒక ముసలామె పడీపడీ నవ్వింది. "దూరం నుంచే ఇనబడె. ఏందో లెక్కలు. ఇండ్లు లెక్కబెట్టను వచ్చినారనుకొని అందరూ అడివిలోకి పాయిరి."

పులుల కోసం గూడెం ఖాళీ చేయిస్తారని వాళ్ల భయం. లెక్క వినబడితే మనిషి మాయమయ్యే చోట నేను లెక్కలు చెబుతూ వచ్చాను. "అయితే ఏం అరవాలి?" అన్నాను. "మీ పేర్లు అరిచినా సాలు," అంది. "గమ్మున వచ్చేటోడు దొంగో, పులో." మా ఊళ్లో తలుపు మెల్లగా తట్టడం మర్యాద. ఇక్కడ చెప్పకుండా దగ్గరికి రావడమే అమర్యాద.

లింగమ్మ గుడిసె గడపలో కూర్చుంది. ఇంకా చిన్న వయసే. కళ్ల కింద తెలుపు. మహబూబ్బీ పక్కన కూర్చుని రెప్ప కిందికి లాగి చూసింది, చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది, వేలు గుచ్చి రక్తం చూసింది. మాత్రలు తన ముందే మింగించింది. లింగమ్మ మొదటిమాట, "రెండు వారాలు రాకపోతివే?" మహబూబ్బీ డబ్బా మూతతీసి ఐసు చూపించింది. ఇంకా గడ్డగానే ఉంది. ఇద్దరు పసివాళ్లకు సూదులు వేసింది. నాకు ఒక దొప్పలో తేనె ఇచ్చారు. రుచి తెలియలేదు. పొదల వైపే చూస్తూ తిన్నాను.

తిరుగుదారిలో పుట్ట దాటాక ఆమె సైకిలు ఆపింది.

"సార్, ఆ ఎలుగు సంగతి ఆఫీసరు కాడ ఎత్తొద్దు."

"అడిగితే?"

"సైకిలు ఎట్ల పోయిందని అడుగుతాడు. బాగా పోయిందని చెప్పండి. అది అబద్ధమా?"

"సగం."

"సగం నిజంతో లింగమ్మ బతుకుతాదంటే సగమే చెప్పండి."

ఓబులేసు ఆకాశం వైపు చూస్తూ అన్నాడు, "నేనైతే సూడలే. నేను వెనకాల ఉంటి."

వాగు నీళ్లలో సైకిలు నడిపిస్తూ నాలో నేను వాదించుకున్నాను. ఎలుగు ఎదురైందని అధికారికి తెలియదు. చెప్పకపోతే అనుమతి ఖాయం. కానీ ఆ అనుమతి చేతిలో పెట్టుకుని ఇంకో నర్సు, ఇంకో రోజు, చప్పుడు లేకుండా ఆ మలుపు తిరిగితే? చప్పుడు లేకపోవడమే గుణమని మాట ఇచ్చింది నేనే కదా. తనకు గిట్టని సాక్ష్యాన్ని దాచుకునేవాణ్ణి ఇన్నేళ్లూ నేనేమని పిలిచాను? పూజారి అని. ఇంకా మోటుగా కూడా పిలిచాను.

మళ్లీ గేటు

"ఎట్లా పోయిందండీ?" అన్నాడు అధికారి.

చెప్పాను. పుట్ట, పిల్ల, మేము అరవకపోవడం, ఆమెను అరవొద్దన్నది నేనే కావడం. మహబూబ్బీ గోడ వైపు తిరిగింది.

"నిన్న చప్పుడు లేదని మెచ్చుకున్నారు."

"మెచ్చుకున్నాను. ఈరోజు దాని తప్పు అదే అంటున్నాను. గంట కట్టండి. నడక వేగం దాటొద్దనండి. ప్రతి మలుపులో కేక వేయాలని రాయండి. ఇంకోటి, నిన్న మీరు అడిగినదానికి నాకు ఇప్పుడు జవాబు దొరికింది. అద్దెకు తిరిగేవాడికి చప్పుడు లేకపోవడమే సరదా, వేగమే సరదా. అవి రెండూ తీసేస్తే వాడు రాడు. ఈమె అప్పటికీ వస్తుంది. ఆ తేడా రాయండి."

ఆయన కాగితం ముందుకు లాక్కుని రాశాడు. మహబూబ్బీ ఒక్కతికి, పని మీద, గంటతో, నడక వేగంతో, వాగు వరకు. వాగు అవతల పుట్టలు ఎక్కువ. అక్కడినుంచి ఏ చక్రమూ వద్దు, కాలినడకే.

"అవతల కూడా ఎత్తే సార్," అన్నాను. "ఆమె కాలు..."

"మీరు చెప్పింది విన్నాకే రాశాను," అన్నాడు. మెత్తగానే.

బయట మహబూబ్బీ ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "మీ నిజం నా కాలి మీద నడుస్తాది సార్," అంది.

ఖాదర్ దుకాణంలో అంతా విని, పానా కింద పెట్టాడు. "నేను పిలిచింది వాదించేదానికి. సాక్ష్యం చెప్పేదానికి కాదు." ఆయన లోపలికి వెళ్లి, మేకలకు కట్టే ఇత్తడి గంట తెచ్చి, చెల్లెలి సైకిలు హ్యాండిలుకు బిగించడం మొదలుపెట్టాడు. అన్నం తినమని మాత్రం ఇద్దరూ పిలిచారు. కోపం వేరు, కంచం వేరు. ఈ సీమలో అది నాకు నచ్చింది.

వాగు గట్టు

మరుసటి వారం దాకా ఉండిపోయాను. బెలుం గుహలు చూడమన్నారు, వెళ్లలేదు. ఆమె వెళ్లే పొద్దున నేనూ గేటు దగ్గరికి వచ్చాను. "వచ్చినారా" అంది, అంతే. వాగు దాకానే డ్యూటీ ఉన్న ఓబులేసు నన్ను తనతో రానిచ్చాడు.

గంట మోగుతూ ముందు ఆమె. వెనక మేమిద్దరం. ప్రతి మలుపులో ఓబులేసు తన కేక వేశాడు. నేను నోరు మూసుకున్నాను. వాగు దగ్గర ఆమె సైకిలు చెట్టుకు ఆనించింది. డబ్బా భుజానికి తగిలించుకుంది. నేను చెయ్యి చాచాను, మోస్తానని.

"కాగితంలో నా పేరొక్కటే ఉండాది," అంది. నీళ్లలోకి దిగింది. మోకాలి మీద చెయ్యి ఆనించి, ఒక్కో రాయి చూసుకుంటూ అవతలి గట్టు ఎక్కింది. మలుపు తిరిగింది.

గంట ఇవతలే ఉంది, సైకిలుతోపాటు. ఇక ఆమె దగ్గర చప్పుడు చేసేది ఏమీ లేదు, గొంతు తప్ప. ఆ గొంతు వినబడలేదు. కోపంగా ఉందా, ఊపిరి అందడం లేదా, పుట్ట దగ్గర ఆగిందా? ఓబులేసు "గోవిందా!" అన్నాడు. కొండ తిరిగి అదే అంది. ఆమె అనలేదు. ఇంకోసారి అన్నాడు. లేదు.

ఆయన కర్రతో నన్ను పొడిచాడు. "మీదీ ఒకటి ఏయప్పా!"

నేను నీళ్లలోకి రెండడుగులు వేసి, గొంతు చిరిగేలా అరిచాను. "పదిహేడు ఏడుల?"

వాగు చప్పుడు. ఒక పిట్ట. మళ్లీ వాగు.

అప్పుడు పైన, నేననుకున్నదానికంటే చాలా పైన, రొప్పుతూ, విసుగ్గా, నాకోసం కాదు ఎలుగుల కోసమన్నట్టు:

"నూట పంతొమ్మిదీ!"